ఓటమికీ ‘మళ్ళీ’కీ మధ్య ఎడం

వీడియో ఆటల పరిభాషలో మినిమలిస్ట్ ఆర్కేడ్ సర్వైవల్ అనే పేరుతో వ్యవహరించే ఒక తరగతి ఆటలు ఉన్నాయి. ఈ పేరులోని మూడు మాటలనూ విడదీసి చూస్తే ఆట స్వభావం సగం తెలిసిపోతుంది. మినిమలిస్ట్ అంటే హంగులన్నీ తీసివేయగా మిగిలినది, అంటే కథ లేకుండా, రంగులు లేకుండా, ఒకటి రెండు మీటలతో నడిచేది. సర్వైవల్ అంటే గెలుపు అనే గమ్యం లేకుండా, ఎంతసేపు ప్రాణం నిలుపుకోగలిగితే అంతే ఫలితంగా లెక్కించేది. ఆర్కేడ్ అనేది ఒకప్పటి వినోదశాల పేరు; అక్కడ నాణెం వేస్తేనే యంత్రం ఆడనిచ్చేది, ఆట ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా మరో నాణెం పడేది. అందుచేత ఆడేవాడిని తొందరగా ఓడించాలి, అయినా వాడు విసిగి వెళ్ళిపోకూడదు అనే రెండు పరస్పర విరుద్ధ షరతుల మధ్య ఆ ఆటలు రూపుదిద్దుకున్నాయి. నాణేల కాలం గడిచిపోయినా ఆ పొందిక మాత్రం చేతిలోని ఫోనులోకి చెక్కుచెదరకుండా వచ్చి చేరింది.

ఇంత చిన్న ఆట ఇంత పెద్ద పట్టు ఎలా పడుతుంది, ఆ పట్టును సడలించే మార్గం ఏది అన్నవి ఈ అధ్యాయంలోని రెండు ప్రశ్నలు. ఆ పట్టు బొమ్మలోనో శబ్దంలోనో కంటే, ఓటమికీ మళ్ళీ మొదలుపెట్టడానికీ మధ్య ఉన్న ఎడం దాదాపు సున్నాకు చేరడంలో ఉందని, కాబట్టి చికిత్స కూడా ఆ ఎడాన్ని తిరిగి పెంచడంతోనే మొదలవుతుందని ఇక్కడి ప్రతిపాదన.

1. బండ మీది గీతలు

ప్రాణం నిలుపుకోవడమే లక్ష్యంగా గల తక్కువ హంగుల ఆట తెలుగువారికి ఫోనుతో పరిచయమైనది కాదు. నంద్యాల జిల్లాలో, గుంతకల్లు–నంద్యాల రైలుమార్గం మీద ఉన్న బేతంచెర్ల, 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా కర్నూలు జిల్లాలోనిది. నేలకు పరిచే నాపబండలకు ఈ ఊరి పేరే గుర్తుగా నిలిచింది. గనిలో పొరలు పొరలుగా లేచే ఈ సున్నపురాతి బండలు ఇళ్ళ నేలల్లోనూ అరుగుల మీదా గుడి మండపాల్లోనూ పరుచుకుని ఉండే సీమలో, పులిజూదం ఆడటానికి వేరే పలక అవసరం ఉండదు. అరుగు బండ మీద మేకుతోనో సుద్దముక్కతోనో ఒక త్రిభుజం, దాన్ని అడ్డంగా కోసే కొన్ని గీతలు గీస్తే ఇరవై మూడు కూడళ్ళ పటం తయారవుతుంది. ఎక్కువచోట్ల కనిపించే పద్ధతిలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పులి పక్కనున్న మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలకు చంపే శక్తి లేదు కాబట్టి, ఒకదానికొకటి కాపుగా నిలిచి పులులకు కదలడానికి చోటు లేకుండా చేయడమే వాటి పని. మేకల పక్షం వహించినవాడు ఆడేది అచ్చమైన మనుగడ ఆట.

ఈ ఆటలోనూ మైమరపు ఉంది. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవని ఆటగాళ్ళు ఏ ఊరి అరుగు మీదనైనా ఉండేవారు. అయితే ఈ ఆటకు ఆగే చోట్లు దాని నిర్మాణంలోనే ఉన్నాయి. ఒక ఆట ముగిశాక మరో ఆట మొదలుకావాలంటే చెల్లాచెదరైన గులకరాళ్ళనో చింతపిక్కలనో ఏరుకోవాలి, మేకలను ఒక్కొక్కటిగా పటం మీదికి దించాలి, అన్నిటికీ మించి ఎదుటి మనిషి ఒప్పుకోవాలి. అతడికి పొలం పని గుర్తొచ్చినా, ఓడి అలిగినా, నవ్వి లేచి తువ్వాలు దులుపుకున్నా ఆట ఆగిపోతుంది. ఎండాకాలంలో ఎండ అరుగెక్కిందంటే బండ కాలుతుంది, కూర్చున్నవాళ్ళు లేవక తప్పదు. ఈ ఆటకు సూర్యుడు కూడా ఒక మధ్యవర్తే.

2. గడప ఎత్తు తగ్గిన క్రమం

ఇక్కడ గడప అనే మాటను ఒక ప్రత్యేకార్థంలో వాడవలసి ఉంది. ఒక పని ముగిశాక అదే పని మళ్ళీ మొదలుపెట్టడానికి దాటవలసిన శ్రమ, సమయం, అనుమతి – ఈ మూడూ కలిసి ఆ పనికి గడప అవుతాయి. పులిజూదానికి ఉన్న గడప పైన చెప్పినంత ఎత్తు. ఆర్కేడ్ యంత్రం దగ్గర జేబులో మరో నాణెం ఉందా లేదా అన్నదే గడప. గ్రెమ్లిన్ సంస్థ 1976లో తెచ్చిన బ్లాకేడ్ అనే నాణేల యంత్రపు ఆటలో, పొడుగుసాగే గీత దేనికీ తగలకుండా నడపడమే పని. ఫోనులో పాము ఆటకు అదే మూలరూపం.

ఆ పాము నోకియా 6110 ఫోను ద్వారా 1990ల చివర జేబులోకి ప్రవేశించింది. దానిని ఫోనుకు తగినట్టు రాసినవాడు నోకియాలో పనిచేసిన ఫిన్లాండ్ ఇంజనీరు టనేలి అర్మాంటో. 2003లో వచ్చిన నోకియా 1100, టార్చిలైటుతో, దుమ్ము చొరని మీటలతో, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్లు అమ్ముడైన ఫోనుగా చరిత్రకెక్కింది. రాతిపొడి గాలిలో తేలే ఊళ్ళలో అలాంటి ఫోనుకు ఉన్న విలువ వేరుగా చెప్పనవసరం లేదు. అందులోని పాము తన తోకను తానే కరిచి చచ్చిపోయాక, వచ్చిన మార్కులు కనిపించేవి, ఆ తర్వాత జాబితాలోకి వెళ్ళి కొత్త ఆటను ఎంచుకోవలసి వచ్చేది. కొన్ని మీటల ఆ దూరం చిన్నదే అయినా గడపే, ఎందుకంటే ‘చాలు’ అన్న ఆలోచన తలలో మెదలడానికి ఆపాటి వ్యవధి సరిపోతుంది.

గూగుల్ సంస్థ క్రోమ్ బ్రౌజరులో 2014లో చేర్చిన డైనోసార్ ఆటతో ఆ దూరం కూడా పోయింది. నెట్ లేనప్పుడు కనిపించే పేజీలో ఒక చిన్న బూడిదరంగు డైనోసార్ నిలబడి ఉంటుంది. ఒక్క మీట నొక్కితే పరుగెత్తడం మొదలుపెడుతుంది. ఈ ఆటను ప్రపంచమంతటా నెలకు 27 కోట్ల సార్లు ఆడుతున్నారని, ఎక్కువమంది ఆటగాళ్ళు మొబైల్ డేటా నిలకడగా అందని, లేదా ఖరీదుగా ఉండే భారత్, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా వంటి దేశాలవారని దానిని రూపొందించిన బృందం 2018లో వెల్లడించింది. సిగ్నల్ పూర్తిగా పోయే చోట, పేజీ తెరుచుకోక ఎదురుచూసే క్షణంలో, వేరే ఏ తలుపూ తట్టకుండానే ఎదురయ్యే ఆట ఇది. ఇది ముగియాలంటే సుమారు 1.7 కోట్ల ఏళ్ళు పడుతుందని కూడా ఆ రూపకర్తలు చమత్కరించారు, అంటే మనిషికి సంబంధించినంతవరకు దీనికి చివర లేదు.

3. ఒక్క విడత, దగ్గరి నుంచి

పట్టును అర్థం చేసుకోవాలంటే ఒక విడతను, అంటే ఒక ప్రాణం మొదలై ముగిసే వ్యవధిని, నిదానంగా విప్పి చూడాలి. మొదటి పది సెకన్లలో డైనోసార్ నింపాదిగా పరుగెత్తుతుంది, బ్రహ్మజెముడు మొక్కలు దూరదూరంగా వస్తాయి, వేలు బద్ధకంగా కదులుతుంది, ఆలోచన ఇంకా వేరేచోట ఉంటుంది. వంద మార్కులు దాటగానే చిన్న శబ్దం వినిపించి అంకె మిణుకుమంటుంది. ఇది ప్రోత్సాహకం, అంటే చేసిన పనికి వెంటనే అందే చిన్న బహుమానం. వేగం తెలియకుండా పెరుగుతుంది. మొక్కలు ఒకటి, రెండు, మూడు గుంపులుగా, ఎక్కడ వస్తాయో ముందుగా చెప్పలేని ఎడంతో వస్తాయి. కొంతదూరం పోయాక ఎగిరే జంతువులు కూడా తోడవుతాయి. కొన్నిటికి దూకాలి, కొన్నిటికి వంగాలి. ఈపాటికి ఆటగాడి శ్వాస పొట్టిదవుతుంది, రెప్పపాటు తగ్గుతుంది, పక్కన ఎవరో పిలిచిన పిలుపు చెవిన పడినా మనసుకు చేరదు. తెర రంగులు తిరగబడి పగలు రాత్రిగా మారిన చోట, గుంపుగా వచ్చిన మొక్కల మీదుగా దూకిన డైనోసార్ చివరి మొక్క కొసకు తగిలి ఆగిపోతుంది.

ఆ క్షణంలో తెర మీద మూడు విషయాలు కనిపిస్తాయి: ఆట ముగిసిందన్న మాట, ఇప్పటి మార్కుల పక్కనే పాత రికార్డు, మధ్యలో గుండ్రంగా తిరిగిన బాణం గుర్తు. వేలు అప్పటికే మీట మీద ఉంది. ఒక సెకను అటూఇటూగా కొత్త ప్రాణం పరుగు మొదలుపెడుతుంది. ఒక విడత సగటున నలభై సెకన్లు అనుకుంటే, ఇరవై నిమిషాల్లో దాదాపు 30 ఓటములు జరుగుతాయి, 30 సార్లు ‘మళ్ళీ’ అన్న నిర్ణయం జరుగుతుంది. నిర్ణయం అని పేరేగాని, ఆలోచనకు చోటు దొరకని ఆ ఒక్క సెకనులో జరిగేది కండరపు కదలిక మాత్రమే.

4. పట్టు ఎక్కడుంది

ఈ పట్టుకు నాలుగు కారణాలను విడివిడిగా గుర్తించవచ్చు. నాలుగూ కలిసి పనిచేస్తాయి గాని, వేటి మీద మనిషికి అదుపు ఉందో తెలుసుకోవడానికి విడదీయడం మేలు.

మొదటిది, నింద మోసేవారు వేరే ఎవరూ లేకపోవడం. ఆడలేక మద్దెల ఓడన్నాడని సామెత. హంగులున్న ఆటలో ఓడినవాడికి తప్పు మోపడానికి తోటి ఆటగాడో, ఆయుధమో, అదృష్టమో ఏదో ఒక మద్దెల దొరుకుతుంది. ఒకే మీట, ఒకే కదలిక ఉన్న ఆటలో మద్దెలే లేదు. వేలు కాస్త ముందో వెనకో కదిలింది, అంతే. తప్పు పూర్తిగా తనదైనప్పుడు దిద్దుబాటు కూడా పూర్తిగా తన చేతిలోనే ఉన్నట్టు తోస్తుంది, అది మరుసటి విడతకు ఆహ్వానమవుతుంది.

రెండవది, తృటిలో తప్పడం. గెలుపుకు అతి దగ్గరగా వచ్చి చేజారే ఫలితానికి మనస్తత్వ శాస్త్రంలో ఉన్న పేరు ఇదే. 2009లో ల్యూక్ క్లార్క్, ఆయన సహచరులు జూదపు యంత్రం తరహా ఆటతో జరిపిన పరిశోధనలో, తృటిలో తప్పిన ఫలితాలకు మెదడులో గెలుపుకు స్పందించే భాగాలు కొన్ని స్పందించాయని, ఆ ఫలితం ఆటగాళ్ళకు నచ్చకపోయినా, ఎంపిక తామే చేసుకున్న సందర్భాల్లో ఇంకా ఆడాలన్న కోరికను పెంచిందని తేలింది. మనుగడ ఆటలో దాదాపు ప్రతి ఓటమీ తృటిలో తప్పినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే చివరి మొక్క తప్ప అంతకుముందు వచ్చినవన్నీ దాటినవే.

మూడవది, లీనత. హంగేరియన్ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ ఫ్లో అని పేరుపెట్టి, 1990లో అదే పేరుతో వెలువరించిన పుస్తకంలో వివరించిన స్థితి ఇది: పని కష్టమూ మనిషి నేర్పూ సరితూగినప్పుడు, ఫలితం వెంటవెంటనే తెలుస్తున్నప్పుడు, మనిషి తనను తాను మరచి పనిలో కరిగిపోతాడు. వేగం మెల్లగా పెరిగే ఆట ఆటగాడిని ప్రతి విడతలోనూ సులువు నుంచి కష్టం వైపు నడిపిస్తుంది. ఆ దారిలో ఎక్కడో ఒకచోట అతడి నేర్పుకు సరిగ్గా సరిపోయే బిందువు తప్పక తగులుతుంది. బేతంచెర్లలో పాలిష్ మిషన్ దగ్గర పనివాడు బండ మీద చక్రం తిరుగుతుంటే శబ్దంలో తేడాను బట్టి నునుపు తెలుసుకునే సమయంలో అనుభవించేది కూడా ఈ లీనతే. అక్కడ బండ నునుపు తేలగానే పని ముగుస్తుంది, ఒక వస్తువు మిగులుతుంది. ఆటలో ముగింపు ఓటమి మాత్రమే, మిగిలేది ఒక అంకె.

నాలుగవది, పైన గడప అని చెప్పినది దాదాపు లేకపోవడం. మొదటి మూడు కారణాలు పులిజూదంలోనూ ఉన్నాయి. అక్కడా తప్పు ఎత్తు వేసినవాడిదే, అక్కడా ఒక్క ఎత్తులో ఆట చేజారుతుంది, అక్కడా ఆటగాళ్ళు ఎండను మరిచిపోతారు. లేనిది నాలుగవదొక్కటే. తప్పు తనదన్న భావాన్ని గాని, తృటిలో తప్పిన బాధను గాని, లీనతను గాని మనిషి తలచుకుని తీసివేయలేడు. గడపను మాత్రం చేత్తో కట్టుకోగలడు. ఈ అధ్యాయపు ఆచరణ భాగమంతా ఆ ఒక్క కారణం మీదే నిలుస్తుంది.

5. సృష్టికర్తే ఆపిన ఆట

ఈ ఆటల పట్టును వాటిని తయారుచేసినవారే గుర్తించిన ఉదాహరణ ఒకటి ప్రపంచమంతటికీ తెలుసు. వియత్నాంకు చెందిన డాంగ్ న్యుయెన్ ఒంటరిగా తయారుచేసి 2013 మే నెలలో విడుదల చేసిన ఫ్లాపీ బర్డ్‌లో, తెరను తట్టుతూ ఒక పక్షిని గొట్టాల మధ్య సందుల్లోంచి పోనివ్వడం తప్ప మరేమీ లేదు. నెలల తరబడి ఎవరి కంటా పడని ఆ ఆట 2014 జనవరికి అనేక దేశాల్లో అన్నిటికంటే ఎక్కువగా డౌన్‌లోడ్ చేసుకునే ఆటగా మారింది. ప్రకటనల మీద రోజుకు 50,000 డాలర్లు వస్తున్నట్టు అప్పట్లో ఆయనే చెప్పినట్టు పత్రికలు రాశాయి. అయినా 2014 ఫిబ్రవరిలో ఆయన దానిని దుకాణాల నుంచి తొలగించాడు. తీరిక దొరికినప్పుడు కొన్ని నిమిషాలు ఆడుకోవడానికి చేసిన ఆట వ్యసనంగా మారిందని, అందుకే ఆపేశానని ఆయన ఇచ్చిన వివరణ. రోజూ ఆదాయం తెస్తున్న వస్తువును దాని యజమానే నిలిపివేయడం వ్యాపార చరిత్రలో అరుదు. ఆటగాడికి ఇక్కడున్న పాఠం ఏమంటే, ఆట బయటి నుంచి ఆగే సందర్భం ఇలా అరుదుగానే వస్తుంది. మిగతా అన్నిచోట్లా ఆపే పని ఆడేవాడి మీదే పడుతుంది.

6. అలవాటు, వ్యసనం, జూదం

ఈ మూడు మాటలనూ కలగాపులగం చేయడం వల్ల ఇళ్ళలో చాలా గొడవలు అనవసరంగా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది; ఆటల రుగ్మత అందులో ఒక మానసిక ఆరోగ్య సమస్యగా చోటు చేసుకుంది. దానికి మూడు లక్షణాలు చెప్పారు: ఎప్పుడు, ఎంతసేపు ఆడాలన్న దాని మీద అదుపు తప్పడం; ఇతర ఆసక్తులనూ దినచర్యనూ వెనక్కి నెట్టి ఆట ముందుకు రావడం; నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా ఆట కొనసాగడం లేదా పెరగడం. ఈ తీరు చదువునూ పనినీ కుటుంబాన్నీ గట్టిగా దెబ్బతీస్తూ, సాధారణంగా పన్నెండు నెలలపాటు కనిపిస్తేనే రుగ్మతగా నిర్ధారిస్తారు. కాబట్టి లారీకి బండలు ఎత్తేదాకా పది నిమిషాలు డైనోసార్‌ను పరుగెత్తించిన యువకుడిని వ్యసనపరుడనడం సరికాదు. అలాగే నిద్ర, తిండి, కూలి పోతున్నా ఆపలేకపోతున్నవాడిని బద్ధకస్తుడని తిట్టడమూ సరికాదు. రెండవ కోవకు చెందినవారికి ఈ అధ్యాయంలోని సాధనలు చాలవు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో సాంకేతిక పరికరాల వాడకం అదుపు తప్పినవారి కోసం షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం 2014 నుంచి నడుస్తోంది.

జూదం సంగతి వేరు. పైకి ఎగబాకే ఒక గీత ఎప్పుడు తెగుతుందో తెలియకుండా, తెగేలోపు డబ్బు వెనక్కి తీసుకోవాలనే పందెపు ఆటలు ఈ మనుగడ ఆటల అస్థిపంజరాన్నే అరువు తెచ్చుకున్నాయి: ఒకే మీట, కొన్ని సెకన్ల విడత, వెంటనే మరో విడత. నేర్పుకు చోటు తీసేసి ఆ చోట డబ్బు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఉచితపు ఆటలో ‘మళ్ళీ’కి అలవాటుపడిన వేలు డబ్బు ఆటలోనూ అదే వేగంతో కదులుతుంది కాబట్టి, నష్టం లేని చోటే ఎడం పాటించడం నేర్చుకోవడం వివేకం.

7. ఆచరణ

కింది సాధనలను వరుసగా, ఒక్కొక్కదానికి కనీసం మూడు రోజులు కేటాయించి చేయడం మంచిది.

మొదటి సాధన లెక్క. మూడు రోజులపాటు ఆటను తగ్గించే ప్రయత్నమేదీ చేయకుండా, ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక కాగితం మీద సమయమూ స్థలమూ, అప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నదీ రాసుకోవాలి. కరెంటు పోయి మిషన్ ఆగినప్పుడు, రైలు ఆలస్యమైనప్పుడు, అన్నం ఉడికేదాకా, నిద్ర పట్టేదాకా – ఇలా ప్రతి ఆట వెనకా ఒక ఎదురుచూపు బయటపడుతుంది. ఆట మీద ఇష్టం కంటే ఖాళీ మీద భయమే ఎక్కువసార్లు వేలిని కదిలిస్తున్నదని ఈ కాగితమే చెబుతుంది.

రెండవ సాధన విడతల కట్టడి. చాలామంది అలారం పెట్టుకుంటారు, అది మోగినప్పుడు ఆట మధ్యలో ఉంటుంది, మంచి ఊపులో ఉన్న ప్రాణాన్ని చంపుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఆటకు సహజమైన ఆగే చోటు ప్రాణం పోయిన చోటే కాబట్టి, నిమిషాలకు బదులు విడతలను లెక్కపెట్టాలి. అయిదు గులకరాళ్ళనో చింతపిక్కలనో ఎడమవైపు పెట్టుకుని, ఒక విడత ముగిసినప్పుడల్లా ఒకదాన్ని కుడివైపుకు మార్చాలి. ఎడమవైపు ఖాళీ అయితే ఆట ముగిసినట్టు. రాయిని మార్చడానికి వేలు మీట మీద నుంచి లేవక తప్పదు, పోయిన గడపను తిరిగి కట్టేది ఆ చిన్న కదలికే. ఎంత ఆడాడో ఆటగాడికి కళ్ళెదుట కనిపించడం దీనివల్ల కలిగే రెండో మేలు.

మూడవ సాధన రికార్డును వదులుకోవడం. ‘రికార్డు దాటి ఆపేస్తా’ అన్న ఒప్పందం ఆటగాడు తనతో తాను చేసుకునే ఒప్పందాలన్నిటిలోకీ ప్రమాదకరమైనది. నేర్పు ఒక స్థాయికి చేరి నిలకడగా ఉన్నప్పుడు, 100 విడతలు ఆడినవాడికి 101వ విడతలో రికార్డు దాటే అవకాశం దాదాపు వందలో ఒకటి మాత్రమే. 500 ఆడినవాడికి అది దాదాపు అయిదు వందల్లో ఒకటికి పడిపోతుంది. ఆడిన కొద్దీ తగ్గే అవకాశాన్ని ఆగే చోటుగా పెట్టుకుంటే ఆగే చోటు దూరం జరుగుతూనే ఉంటుంది. అందుకే చివరి రాయితో ఆట ముగించాలి, చివరి విడత ఎంత చేదుగా ముగిసినా సరే.

నాలుగవ సాధన ముందస్తు ఒడంబడిక. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ప్రతిపాదించిన ఆచరణ సంకల్పం అనే భావన ప్రకారం, ‘తక్కువ ఆడాలి’ వంటి సాధారణ లక్ష్యం కంటే ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను’ అన్న వాక్యం పనిచేసే అవకాశం ఎక్కువ. కరెంటు రాగానే ఫోను గోడగూట్లో పెడతాను, ఆ తర్వాతే మిషన్ మీట వేస్తాను అన్న వాక్యం ఇటువంటిది. రాతి కోత పనిలో ఇది క్రమశిక్షణతో ఆగదు, చేతివేళ్ళ భద్రత కూడా. కన్ను తెర నుంచి లేచినా మనసు పోయిన ప్రాణం చుట్టూ ఇంకా కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది, కోత చక్రం ఆ క్షణాలకోసం ఆగదు.

అయిదవ సాధన ఇంటివారికి చెందినది. ఆట మధ్యలో ఫోను లాక్కుంటే పిల్లవాడికి మిగిలేది ముగియని విడత, ముగియనిది ముగిసినదానికంటే ఎక్కువసేపు మనసును పట్టి లాగుతుంది. “ఈ ప్రాణం పోయినాక ఫోను ఇయ్యప్పా” అని అడిగి, అది పోయేదాకా పక్కనే నిలబడితే అడిగినవారి మాట నెగ్గుతుంది, ఆడినవాడి ఆటా ముగుస్తుంది. పెద్దలకు ఈ కొద్దిసేపు ఓపిక పట్టడం కష్టమే, అయితే లాక్కున్న తర్వాత జరిగే గొడవకంటే ఇది ఎప్పుడూ పొట్టిదే.

ఆరవ సాధన ఎదుటి మనిషిని తిరిగి తెచ్చుకోవడం. వారానికి ఒక సాయంత్రం, మొదటి సాధనలో రాసుకున్న ఎదురుచూపుల్లో ఒకదాన్ని పులిజూదానికి కేటాయించవచ్చు. పటం గీయడానికి సుద్దముక్క, ఆడటానికి పద్దెనిమిది రాళ్ళు చాలు. పులుల పక్షం కంటే మేకల పక్షమే అభ్యాసానికి మంచిది, ఎందుకంటే తొందరపడిన మేక చస్తుంది. ప్రతి ఎత్తుకూ ముందు ఆగి చూడటం అక్కడ నీతి కాదు, నియమం.

8. అయిదో రాయి

ఈ సాధనల్లో దేనికీ అసాధారణ మనోబలం అక్కరలేదు. పోయిన ప్రాణానికీ రాబోయే ప్రాణానికీ మధ్య ఒక రాయి జరిపేంత సమయం దొరికితే, ఆ సమయంలో ఉడుకుతున్న అన్నమో, ప్లాట్‌ఫారం మీద మోగిన గంటో, పక్కన కూర్చున్న మనిషి అడిగిన మాటో చెవికి చేరుతుంది. చేరాక కూడా ఇంకో విడత ఆడాలని ఎవరైనా నిశ్చయించుకుంటే అది తప్పేమీ కాదు. అప్పుడు ఆడుతున్నది వేలు కాదు, మనిషి. కొన్ని రోజులకు రాళ్ళు అయిదు కాస్తా మూడుకు వస్తాయి, కొందరికి అయిదు దగ్గరే నిలుస్తాయి. సంఖ్యతో పెద్ద తేడా రాదు. చూడవలసినది చివరి రాయి కుడివైపుకు చేరాక చెయ్యి ఎటు పోతున్నదన్నది. అది ఫోనును బోర్లించి పక్కన పెట్టి, అరుగు బండ మీద ఆనుకుని లేవడానికి సాయపడితే సాధన ఫలించినట్టే. తెలియకుండా ఆ అయిదింటినీ మళ్ళీ ఎడమవైపుకు జరుపుతుంటే, మొదటి సాధనలోని కాగితాన్ని ఇంకో మూడు రోజులు తెరిచి ఉంచాలి.